వాక్యం ముగిసేదాకా

మా అత్తను కుర్చీలో కూర్చోబెట్టడానికి నేను పడ్డ పాట్లు ఆ పైవాడికే తెలుసు. అదేమీ సింహాసనం కాదు, గుత్తి సంతలో బేరమాడి తెచ్చిన నీలం ప్లాస్టిక్ కుర్చీ. కూర్చోమంటే కూర్చునేది. జపం చెప్పమంటే చెప్పేది. సువార్త పుస్తకం తెరిచేసరికి మాత్రం, ఎవరో కింది నుంచి తోసినట్టు లేచి నిలబడేది. "కూచో అత్తా" అంటే మళ్ళీ కూర్చునేది. పేజీ తిప్పేలోగా మళ్ళీ లేచేది. ఒకరోజు నాకు ఒళ్ళు మండి ఆమె కొంగును కుర్చీ చేతికి ముడివేశాను. కుర్చీతో సహా లేచింది. వెనక వేలాడుతున్న కుర్చీని పట్టించుకోకుండా చదువుకుంటూ పోయింది.

నవ్వు రావాల్సిన సంగతే. కానీ ఆ రోజుల్లో మా ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, కెమెరాకు ముఖం చూపిస్తూ, ఎక్కడో బిషప్ గారి ఊళ్ళో ఉన్న ఒక పెద్ద ఫాదర్‌కు పరీక్ష చెప్పాలి. మొదటి నుంచి చివరిదాకా ముఖం కనిపించాలి. కనిపించకపోతే తప్పినట్టే. తప్పితే మా ఊరి గుడి తాళం చెవి పక్కూరి ఆయన చేతికి పోతుంది.

మాది గుత్తికి బస్సులో పోయి రాగలిగిన ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస. మా పేటలో బండలతో కట్టిన చిన్న గుడి, పైన సిమెంటు సిలువ, ముందర వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అదే మా గంట. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒకే విచారణ, అంటే ఒకే స్వామి చూసుకునే గుళ్ళన్నమాట. ఆయన మోటారు సైకిలు మీద నెలకొక ఆదివారం వచ్చి పూజ చేసేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి నడిపించుకోవాలి. ఉపదేశి అంటే గుడి తెరిచి, ప్రార్థన చెప్పించి, వాక్యం చదివి, సత్యోపదేశం నేర్పే మనిషి. మా మామ బతికినన్నాళ్ళూ ఆ పని చేశాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం, ఇక గుడి ఎవరు తెరుస్తారా అని జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, అత్త మేకుకున్న తాళం చెవి తీసుకుపోయి గంట కొట్టింది. జనం వచ్చారు. ఆమె నియామకం అంతే. అప్పటి నుంచి ఆ తాళం చెవి ఆమె కొంగు ముడిలోనే ఉండేది. మామను తలచుకుని ఆమె ఏడవడం నేను చూడలేదు కానీ, ఊరికే కూర్చున్నప్పుడల్లా చెయ్యి ఆ ముడి మీదే ఉండేది.

ఆదివారం ప్రార్థన ఒక ఎత్తు, ఆమె నడిపే పెద్దల బడి ఒక ఎత్తు. పొద్దుగూకే వేళకు కలుపు తీసి వచ్చిన ఆడవాళ్ళు, గొర్రెల్ని దొడ్లో తోలిన మగవాళ్ళు గుడి అరుగు మీద చేరేవాళ్ళు. జ్ఞానస్నానం తీసుకోవాలనుకునేవాళ్ళు కొందరు, ఎప్పుడో చిన్నప్పుడు తీసుకుని అన్నీ మరిచిపోయినవాళ్ళు కొందరు. చాలామందికి అక్షరం రాదు. ఆమె ప్రశ్న వేసేది, జవాబూ ఆమే చెప్పేది, వాళ్ళు చేటల్లో శనక్కాయలు ఒలుస్తూ తిరిగి చెప్పేవాళ్ళు. ఇదంతా కూర్చునే. చివర్లో వాక్యం చదివేటప్పుడు మాత్రం అందరూ లేవాలి. పూజలో సువార్తకు లేచి నిలబడటం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. మా ఊళ్ళో దానికి మా మామ ఇంకో కట్టుబాటు కలిపాడు. మొదలుపెట్టిన వాక్యం ముగిసేదాకా ఆపకూడదు. ముగిసేదాకా ఎవరూ కూర్చోకూడదు, కదలకూడదు. రోజంతా వంగి వంగి నడుములు పడిపోయిన ఆడవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, నెలల తరబడి ఎండగట్టిన ఆకాశం ఉన్నట్టుండి వాన దించింది. గుడి ముందు బండల మీద పేటలో వాళ్ళందరి కాయలూ ఆరబోసి ఉన్నాయి. అత్త వాక్యం మధ్యలో ఉంది. జనం కాళ్ళు నేల మీద నిలవడం లేదు. చెవులు ఆమె మీద, కళ్ళు కాయల మీద. ఆమె ఆపలేదు సరికదా, తొందరపడను కూడా లేదు. చివరి మాట దాకా చదివి, పుస్తకం కళ్ళకద్దుకుని, "ఇంక పోండి" అంది. అప్పటికి కాయలు నీళ్ళలో తేలుతున్నాయి. ఇంటికొచ్చాక నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆ ఏడు చేతికొచ్చిందే కాస్త, అదీ నీళ్ళపాలు చేశావే అని. ఆమె పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది.

అసలు నాకు ఈ నిలబడటమంటేనే మంట. పెళ్ళికి ముందు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేశాను. యజమాని వచ్చి నెత్తిన నిలబడినా నేను మిషను ముందు నుంచి లేచేదాన్ని కాదు. ముక్కు మీద కోపమున్న పిల్ల అని అక్కడా పేరే. మా అమ్మ మాత్రం భూములున్నవాళ్ళ వాకిట్లో పని కోసం ఎండలో నిలబడి నిలబడి ముసలిదైపోయింది. వాళ్ళు కాఫీ తాగి, పేపరు చదివి, పళ్ళు కుట్టుకుని, అప్పుడు ఏమే అని పిలిచేవాళ్ళు. మా అత్తదీ అదే బతుకు. ఆ వాకిట్లో పట్టుకున్న జబ్బును ఆమె గుడిలోకి కూడా మోసుకొచ్చిందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

రెండు వేల ఏడు ప్రాంతంలో, స్వామి ఒక ఆదివారం పూజయ్యాక ఆ కబురు చెప్పారు. ఇకమీదట ఉపదేశులందరూ బిషప్ గారి దగ్గర నుంచి వచ్చే కోర్సు చదవాలి. దూరం ఊళ్ళవాళ్ళు వచ్చి నెలల తరబడి ఉండలేరు కాబట్టి పాఠాలు కంప్యూటరులోనే వస్తాయి. పరీక్ష కూడా కంప్యూటరులోనే, వీడియోలో మనిషిని చూస్తూ నోటితో చెప్పించుకుంటారు. పాసైనవాళ్ళే ఉపదేశులు. పక్కూరి ఉపదేశి అప్పటికే పాసయ్యాడు. అత్త పాసు కాకపోతే ఆయనే ఆదివారం ఆదివారం మా ఊరికీ వచ్చి గుడి తెరుస్తాడు. మంచివాడే, పాపం. కానీ ఆయనకు బండి ఉంది, రెండూళ్ళ పని ఉంది. వచ్చి ప్రార్థన చెప్పి పోతాడే గానీ, పొద్దుగూకే వేళ అరుగు మీద శనక్కాయలు ఒలిపిస్తూ పెద్దవాళ్ళకు పాఠం చెప్పడానికి ఎక్కడ కుదురుతుంది? స్వామి చెబుతున్నంతసేపూ అత్త చెయ్యి కొంగు ముడి మీదే ఉంది. అది పోతే ఈమె ఏమైపోతుందోనని నాకు మొదటిసారి భయమేసింది.

అప్పటి నుంచి నేను గుత్తికీ ఇంటికీ తిరగడమే. మా ఆయన బోరు బండి మీద పని, నెలలకు నెలలు తమిళనాడు వైపే ఉండేవాడు. బస్టాండు పక్కన మిద్దె మీద ఒక నెట్టు సెంటరు ఉండేది. గుత్తి కోట మీద ఎండ పడే వేళకు పోయి, పాఠం కాగితాల మీద తీయించుకుని, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చి, అత్త బియ్యం ఏరుతుంటే చదివి వినిపించేదాన్ని. ఆమె చదివింది ఐదో తరగతి. పెద్దక్షరాలైతే చదవగలదు, సన్నక్షరాలు నేను చదవాలి. బుద్ధిగానే వినేది. మళ్ళీ చదవమనేది. అర్థం కానిచోట మాత్రం ఊరుకునేది కాదు.

"పాఠమైతే వచ్చె. చెప్పిన ఆయప్ప యాడ ఉండాడు? నేను అడిగితే ఎవురు చెప్తారు?" అనేది.

ప్రశ్నలు రాసి పంపొచ్చంట అత్తా అంటే, అడిగిన ప్రశ్నకు వారం పోయినాక జవాబొస్తే అప్పటికి నేను ఇంకోటి అనుకుంటానే అనేది. అదీ నిజమే. అయినా నేర్చుకుంది. మామ దగ్గర చెవులతో విన్నదంతా ఈ కాగితాల్లో ఇంకో రూపంలో ఉందని ఆశ్చర్యపోతూ నేర్చుకుంది.

పరీక్షకు ముందు ఒకసారి అలవాటు కోసం వీడియో కలుపుతామన్నారు. అత్తను తీసుకుని సెంటరుకు పోయాను. నడిపే ఆయన నెమ్మదస్తుడు, నన్ను అక్కా అనేవాడు. చెక్కలతో అడ్డం కట్టిన చిన్న గదిలో కంప్యూటరు ముందు ఆమెను కూర్చోబెట్టి, తెర మీదున్న గుండ్రటి కెమెరా చూపించి, దీన్నే చూడు అత్తా అని చెప్పాను. తెర మీద పెద్ద ఫాదర్ ముఖం వచ్చిందో లేదో ఆమె దిగ్గున లేచి, చెప్పులు విడిచి, చేతులు జోడించి "స్తోత్రం సామీ" అంది. తెర మూలన చిన్న గడిలో మా బొమ్మ కనిపిస్తోంది. అందులో అత్త కడుపు దగ్గరి కుచ్చిళ్ళు తప్ప ఇంకేమీ లేవు. ఆమె అసలే పొడగరి.

ఫాదర్ ఏమీ కోప్పడలేదు. కూర్చోమన్నారు. కూర్చుంది. ఏదీ, ఒక వాక్యం చదవమన్నారు. లేచింది. అప్పుడు నాతో నింపాదిగానే చెప్పారు. వేరే చోట్ల ఒకరి బదులు ఒకరు జవాబు చెబుతూ దొరికారని, అందుకే ముఖం కనిపించని భాగానికి మార్కు వేయొద్దని అందరికీ ఒకటే నిబంధన పెట్టారని, అమ్మను కూర్చునేలా అలవాటు చేయమని. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఇంకా మంట.

ఇంటికొచ్చి గోడకు అద్దం తగిలించి, ఎదురుగా నీలం కుర్చీ వేశాను. అద్దమే కెమెరా, నేనే ఫాదర్. కొంగు ముడివేసింది ఆ రోజుల్లోనే. తల ప్రాణం తోకకొచ్చింది. ప్రశ్నలకు కూర్చునేది, జపానికి చచ్చీచెడీ కూర్చోవడం నేర్చుకుంది. వాక్యం దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ మామూలే. పరీక్ష రేపనగా ఇక నాకు ఓపిక చచ్చిపోయింది. పెద్దింటోళ్ళ వాకిట్లో నిలబడి నిలబడి నీ కాళ్ళకు అదే అలవాటైపోయింది, కూర్చోమన్నా కూర్చోలేని బతుకైపోయింది నీది, నీ మొండితనానికి ఆ అరుగు మీదికొచ్చే వాళ్ళందరి నోట్లో మన్నుకొడుతున్నావు అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది. అద్దం దించి గోడకు ఆనించి, బిందె తీసుకుని నీళ్ళకు పోయింది.

తెల్లారి బస్సెక్కాం. అత్త ఉతికిన చీర కట్టింది. సువార్త పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కొంగు ముడిలో తాళం చెవి. ఇంట్లో పెట్టి రాకూడదా, జనంలో యాడన్నా పడిపోతే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పరీక్ష బాగానే మొదలైంది. నేను ఆమె కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాను, లేవబోతే అదిమిపెట్టడానికి. ఫాదర్ ప్రశ్న అడిగితే మాట కాస్త ఆలస్యంగా వచ్చేది. ఈమె ఆగి, తలాడించి, గుడి అరుగు మీద చెప్పినట్టే గొంతెత్తి చెప్పేది. పక్క గదుల్లో ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెట్టుకుంటున్న పిల్లలు తొంగి చూసి పోయారు. తెర మీద ఫాదర్ తలవంచి మార్కులు వేసుకుంటున్నారు. జపం చెప్పమన్నప్పుడు ఆమె కుర్చీ చేతుల్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. నా అరచేతి కింద ఆమె భుజం వణికింది. అయినా లేవలేదు. మా అత్త మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

ఇక మిగిలింది వాక్యం చదివి, దాన్ని వివరించడం. విత్తనాలు చల్లే రైతు కథ వచ్చింది. ఫాదర్ పుణ్యమా అని ఒక మాట అన్నారు. "మీ ఊళ్ళో మీవాళ్ళకు ఎలా చదువుతారో, అలాగే చదవండమ్మా."

నా చెయ్యి ఎందుకూ పనికిరాలేదు. ఆమె తువ్వాలు విప్పి, పుస్తకం రెండు చేతుల్లోకి తీసుకుని లేచి నిలబడింది.

తెర మూలన మళ్ళీ ఆ కుచ్చిళ్ళే. నేను చీర పట్టి కిందికి లాగాను. ఆమె నా వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా విడిపించింది. ముఖం కనిపించడం లేదని ఫాదర్ అన్నారు. కూర్చోమన్నారు. ఆమె కదల్లేదు. తర్వాత ఆయన గొంతు ఇంకా మెత్తగా వచ్చింది.

"కూర్చోండమ్మా. ఇక్కడ మిమ్మల్ని నిలబెట్టే దొరలెవరూ లేరు."

నేను ఇంట్లో అరిచి చెప్పిందే ఆయన మర్యాదగా చెప్పారు. అత్త పుస్తకం మీంచి తలెత్తింది.

"ఆ వాకిండ్లల్లో నన్ను నిలబెట్టినారు సామీ. కాళ్ళు పీక్కపోయినా కూచోమన్లే. ఈడ నన్నెవురూ నిలబెట్టలే. నేనే నిలబడినా. నాకని ఉండేది ఇదొగటే."

ఇంట్లో నా మాటకు బదులు చెప్పకుండా బిందె తీసుకుని ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది. అవతల ఫాదర్ చాలాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమోనని సెంటరు ఆయన లోపలికి వచ్చి చూశాడు. ఆఖరికి ఆయన, మీరన్నది నాకు అర్థమైందమ్మా, కానీ ముఖం కనిపించకపోతే నేను రాయగలిగింది ఏమీ లేదు అన్నారు. ఆయన గొంతులో కూడా ఇబ్బంది ఉంది.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. ఆ నిబంధన మీద, ఆ గుండ్రటి కెమెరా మీద, మనిషి నిలబడితే కడుపు దాకానే చూడగలిగే దాని చూపు మీద. దాన్ని తెర మీంచి ఊడబెరికాను. స్టూలు లాక్కుని ఎక్కాను. అత్త ముఖం ఎత్తుకు కెమెరాను లేపబోతే వైరు చాలలేదు, కింద బల్ల అడుగునున్న డబ్బాకు బిగుసుకుని ఉంది. సెంటరు ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు, అత్తను చూశాడు. "ఆగక్కా, నువ్వు లాగద్దు" అని వంగి, నడుస్తున్న కంప్యూటరు డబ్బాను పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకుని నిలబడ్డాడు. వైరు అందింది. నేను చెయ్యి చాపి కెమెరాను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను.

"కనిపిస్తున్నారు. చదవండి" అన్నారు ఫాదర్.

ఆమె చదవడం మొదలుపెట్టింది. తొందర లేదు. దారి పక్కన పడ్డ గింజలు, రాతి నేలన పడ్డ గింజలు. మా చేలన్నీ ఆ కథలోనే ఉన్నాయి. నా చెయ్యి నొప్పి పుట్టి, తర్వాత మొద్దుబారి, వణకడం మొదలైంది. సెంటరు ఆయన నుదుటి మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నేను ఓరగా తెర వైపు చూశాను. ఫాదర్ రాయడం ఆపేశారు. కలం పక్కన పెట్టారు. కుర్చీ వెనక్కి తోసి లేచారు. తెర మీద ఆయన ముఖం పోయి, తెల్లంగీ గుండీలూ మెళ్ళో సిలువా మిగిలాయి.

విసిగి వెళ్ళిపోతున్నారా? సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది, పక్క గదుల్లోంచి పిల్లలు ఉసూరుమన్నారు. సెంటరు ఆయన ఇన్వర్టరు బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. అది కరెంటు పోయే వేళ కాదు, కోత ఉండదని చూసి చూసి మేం ఎంచుకున్న వేళ.

అత్త ఆపలేదు.

ఆ చెక్కల గదిలో అక్షరం కనిపించేంత వెలుతురు లేదు. ఆమెకు అక్కర్లేదు, ఆ వాక్యం కంఠతా వచ్చు. "కరెంటు పోయిందత్తా, ఆయనకు వినపడదు" అన్నాను. ఆమె గొంతు తగ్గలేదు, పెరగలేదు. కాయలు తడిసిపోయిన రోజున ఎలా చదివిందో అలాగే చదువుతోంది. ఆగిపోయిన డబ్బాను ఆ మనిషి దించలేదు. పనిచేయని కెమెరాను నేనూ దించలేదు. దించాలని తోచలేదు. పక్క గదుల్లో మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆమె చివరి మాట దాకా చెప్పి, పుస్తకం కళ్ళకద్దుకుని, నేనేమీ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

కరెంటు కోసం చూసి చూసి, ఆఖరికి ఊరి బస్సుకు లేచాం. వివరించే భాగం మిగిలిపోయింది. ఫాదర్ లేచి వెళ్ళిపోయారని అత్తకు బస్సులో చెప్పాను. ఎందుకు లేచినాడో ఆయప్పకే ఎరుక అంది. స్వామికి ఫోన్ చేసి కనుక్కుంటానంటే వద్దంది. ఆదివారం ఎట్లాగూ వస్తారు కదా అంది. ఆ వారమంతా ఆమె పెద్దల బడి మానలేదు. సగం చెప్పిన పాఠాలన్నీ ముగించేయాలని చూస్తోందని నాకు అర్థమై, అరుగు వైపు పోవడమే మానేశాను. ఆ ముసలామెకు ఉన్నది అదొక్కటే, దాన్ని కూడా లాక్కుంటారా అని ఒంటరిగా ఉన్నప్పుడు దేవుడితోనే పోట్లాడాను.

ఆదివారం ఆమె అందరికన్నా ముందు పోయి గుడి ఊడ్చి, బండలు కడిగి, దీపపు గాజు తుడిచింది. స్వామి మోటారు సైకిలు శబ్దం వినిపించింది. వెనక ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరకు వచ్చాక చూస్తే పక్కూరి ఉపదేశి. అయిపోయింది, మనిషిని వెంటబెట్టుకునే వచ్చారు అనుకున్నాను. అత్త కొంగు ముడి విప్పింది. స్వామి బండి స్టాండు వేసి దుమ్ము దులుపుకునేలోగా తాళం చెవిని అరచేతిలో పెట్టి ముందుకు చాపింది.

స్వామి ఆ చేతిని చూసి తెల్లబోయారు. పూజకని బయల్దేరిన పక్కూరి ఆయన బండి దారిలో పంక్చరైతే ఎక్కించుకొచ్చారంతే. "లోపల పెట్టుకోండమ్మా దాన్ని. మీరు పాసైనారు. కరెంటు పోయేదాకా ముఖం కనిపించింది, అది చాలన్నారంట. వివరించే భాగం నన్నే విని మార్కు వేయమన్నారు. అది నేను ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాను కదా" అన్నారు. తర్వాత ఒక అడుగు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. "పెద్ద ఫాదర్ ఒక్కదానికి మాత్రం బాధపడుతున్నారు. సువార్తకు ఆయన కూడా లేచి నిలబడ్డారంట. ఇంతలో తెర నల్లబడిందంట. వాక్యం మధ్యలో ఆపకూడదన్న మీ కట్టుబాటు సంగతి నేను ముందే చెప్పి ఉన్నాను. పాపం ఆ తల్లి వాక్యం మధ్యలో ఆగిపోయిందే అని, మీరు ఆగిన చోటి నుంచి ఆయనే ఆ గదిలో ఒక్కరూ నిలబడి చదివి ముగించారంట."

అత్త తాళం చెవిని కొంగులో పెట్టి ముడి వేస్తోంది. ముడి బిగించాక తలెత్తింది.

"నేను ఆపలే సామీ. నేనూ ముగించినా" అంది.

స్వామి నా వైపు చూశారు, నిజమేనా అన్నట్టు. నేను తలాడించాను. అంత దూరాన ఒక నల్లటి తెరకు అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరిది ఒకరికి వినపడకుండా, ఒకే వాక్యం చివరిదాకా చదివారు. పక్కూరి ఆయన చెప్పులు విడిచి అరుగెక్కాడు. పేట జనం ఒక్కొక్కరే వస్తున్నారు. నేను అక్కడే కొయ్యలా ఉండిపోయాను.

అత్తకు అది నచ్చలేదు.

"నిలబడి ఏం చూస్తాండావు? పొద్దు పోతాంది. గంట కొట్టు పో" అంది.

చెయ్యి ఇంకా సలుపుతూనే ఉంది. పోయి గంట కొట్టాను.